గీత నేర్పిన చేతికి ఎనభై

మా డ్రాయింగు మాస్టారికి ఈ నెలతో ఎనభై ఏళ్లు నిండుతున్నాయి. ఏలూరు, కైకలూరు, ఆకివీడు, భీమడోలు, తాడేపల్లిగూడెం, ఇలా తలో ఊళ్లో స్థిరపడ్డ శిష్యులమంతా కూడబలుక్కున్నాం. ఆయన బొమ్మలన్నీ ఒక హాల్లో గోడలకి ఎక్కించి, పుట్టినరోజు పండగ అక్కడే చేయాలనుకున్నాం. దండలు, శాలువాలు, ఆశీర్వచనం, పులిహోర, చక్రపొంగలి అన్నీ ఉంటాయి. పండగ సంచికలో ఆయన పని గురించి రాసే భాగ్యం నాకు దక్కింది. సన్మానపత్రాల్లో అలవాటుగా పడే బిరుదులేవీ మాస్టారికి రుచించవు. పేరెత్తి పొగిడితే లేచి వెళ్లిపోతారు. ఊరూవాడా ఆయన్ని పిలిచేది ‘డ్రాయింగు మాస్టారు’ అనే. నేనూ అలాగే పిలుస్తాను.

జిల్లా పరిషత్ హైస్కూల్లో డ్రాయింగు మాస్టారి స్థానం ఏమిటో ఆ రోజుల్లో చదువుకున్నవాళ్లకి తెలుసు. లెక్కల మాస్టారు సెలవు పెడితే ఆ పీరియడు ఈయనకి. పంద్రాగస్టుకి గాంధీగారి బొమ్మ, తనిఖీకి అధికారులు వస్తే స్వాగతం బోర్డు, వార్షికోత్సవానికి నాటకం తెర, పబ్లిక్ పరీక్షలకి బల్లలమీద నంబర్లు, అన్నీ ఈయనవే. చెప్పే సబ్జెక్టుకి మాత్రం పదో తరగతి పరీక్షలో మార్కులుండవు. ఈ ఉద్యోగంలో ఉన్న చిత్రకారుల్లో చాలామంది బతుకుని రెండుగా పంచుకుంటారు. పగలు జీతం కోసం బడి, రాత్రి తమ కోసం బొమ్మ. మా మాస్టారు ఆ పంపకం ఎన్నడూ చేసుకోలేదు. బల్లమీద సుద్దతో నంబరు వేసినా, వాట్‌మన్ కాగితం మీద కొల్లేరు వేసినా అదే చెయ్యి, అదే శ్రద్ధ. పరీక్షల ముందురోజు ఆయన వేసిన అంకెలు చూసి, ‘ఎనిమిదికి నడుము ఇంత అందంగా ఉంటుందా’ అనుకున్న పిల్లలు మాలో చాలామందే ఉన్నారు. ఆయన కళాజీవితం ఏదంటే, ముప్పయ్యేళ్లు దాటిన బడి జీవితాన్నే చూపిస్తాను. గోడలకెక్కిన బొమ్మలు అందులోంచి వచ్చినవే.

ఆయన తరం వాళ్లకి బరోడాలూ శాంతినికేతనాలూ అందేవి కావు. సర్కారు వారి టెక్నికల్ పరీక్షలే దారి. ముందు లోయర్, తరవాత హయ్యర్, ఆపైన టి.టి.సి. ఫ్రీహ్యాండ్, మోడల్ డ్రాయింగు, మెమరీ డ్రాయింగు, జామెట్రీ, డిజైను పేపర్లు. కూజా, పెట్టె, శంకువు ముందుపెట్టి, వెలుగెటు నీడెటు అని అడిగే చదువు. దాన్ని గుమాస్తా చదువని చులకన చేసినవాళ్లున్నారు. మాస్టారు ఆ మాట ఒప్పుకోరు. చేతికి అదుపు రాకుండా మనసుకి స్వేచ్ఛ ఇస్తే గీత ఎటైనా పోతుందని ఆయన నమ్మకం. ఆయన కొల్లేటి బొమ్మల్లో పడవ మునగకుండా నీళ్లమీద తేలుతున్నట్టే ఎందుకుంటుందో, ఆ మోడల్ డ్రాయింగు సాధన తెలిస్తే అర్థమవుతుంది. పడవ అడుగు నీటిని తాకేచోట ఆయన వేసే వంపు ఒక్కటి చాలు, బరువెంతో చెబుతుంది.

ఈ చదువు వెనక మన గోదావరి సీమకి పెద్ద వంశమే ఉంది. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాలుగా ఉన్న ఆస్వాల్డ్ కూల్డ్రే దొరగారు పాఠాలతో ఆగకుండా కుర్రవాళ్ల చేత కుంచె పట్టించారు. ఆయన చేరదీసిన దామెర్ల రామారావు 1916లో బొంబాయి జె.జె. స్కూల్లో చేరాడు, తిరిగొచ్చి రాజమండ్రిలో చిత్రకళాశాల పెట్టాడు. 1925లో, ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే, మశూచితో కన్నుమూశాడు. ఆ పాఠశాల ఆగిపోకుండా మోసినవాడు వరదా వెంకటరత్నం. భీమవరం వైపు నుంచి వెళ్లిన అడివి బాపిరాజు కూడా కూల్డ్రే శిష్యుడే. బందరులో ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోదకుమార్ చటోపాధ్యాయ దగ్గర చిత్రలేఖనం నేర్చుకుని, తరవాత అదే కళాశాలకి ప్రిన్సిపాలయ్యాడు. నవలలు రాసిన బాపిరాజుని మనం బాగానే గుర్తుపెట్టుకున్నాం. బొమ్మలు నేర్పిన బాపిరాజుని అంతగా తలుచుకోం. ఉత్తరాంధ్రకి వెళితే, చందమామ అట్టలమీద మన బాల్యాలకి రంగులద్దిన వడ్డాది పాపయ్యగారు బతుకుతెరువుకి డ్రాయింగు మాస్టారే, కశింకోటలో. వపా సంతకం తెలియని తెలుగు ఇల్లు లేని రోజుల్లోనూ ఆయన పిల్లల చేత ఆకులూ కాయలూ వేయించారు. ఈ పేర్లన్నీ మాస్టారు క్లాసులో చెప్పేవారు. రాజులూ యుద్ధాలూ చరిత్ర మాస్టారు చెబితే, మాకు ఈ చరిత్ర ఈయన చెప్పారు. కుర్రతనంలో రాజమండ్రి వెళ్లి దామెర్ల గ్యాలరీలో ‘కార్తీక పౌర్ణమి’ ముందు నిలబడిన సంగతి ఇప్పటికీ నిన్న జరిగినట్టు చెబుతారు.

ఆయన క్లాసు ఎలా ఉండేదో చెప్పాలి. మొదటి పావుగంట పెన్సిలు ముట్టనిచ్చేవారు కాదు. రావాకో, గుర్రపుడెక్క పువ్వో, చేపో బల్లమీద పెట్టి ‘చూడండి’ అనేవారు. ‘ఏం చూశార్రా?’ అని అడిగితే ‘ఆకండీ’ అనేవాళ్లం. ‘ఆకని నాకూ తెలుసు. ఈనె ఎక్కడ మొదలైంది? ఎక్కడ సన్నబడింది? తొడిమ దగ్గర రంగేమిటి?’ ఇలా సాగేది. కొల్లేటి లంకల నుంచి వచ్చే పిల్లలకి చేప వేయమంటే ఆయన ఆనందం చూడాలి. కొరమీనుకి తల ఎలా ఉంటుందో, వాలుగకి మీసాలెక్కడుంటాయో ఆ పిల్లలకి చెప్పక్కర్లేదు. తెలుగులో అక్షరదోషాలతో తన్నులు తినే కుర్రాడు ఇక్కడ క్లాసుకంతటికీ గురువయ్యేవాడు. మాస్టారు వాడి పక్కన కూర్చుని, ‘నువ్వు చెప్పరా, పొలుసు ఎటు నుంచి ఎటు పరుచుకుంటుంది?’ అని నిజంగానే నేర్చుకునేవారు. ఆ పిల్లాడు ఆ రోజు ఇంటికి ఎలా వెళ్లి ఉంటాడో తలుచుకుంటే ఇప్పటికీ నా కళ్లు చెమ్మగిల్లుతాయి.

డిజైను పాఠానికి ఏలూరు తివాచీలు పనికొచ్చేవి. తంగెళ్లమూడిలో మగ్గాల దగ్గరికి మమ్మల్ని తీసుకెళ్లారు. పారశీకం నుంచి వచ్చిన కుటుంబాలు తెచ్చిన విద్య అది. గళ్ల కాగితంమీద నమూనా, ఒక్కో గడికి ఉన్నితో ఒక్కో ముడి. గుండ్రటి పువ్వుని చదరపు గళ్లలో ఎలా ఇమిడిస్తారో మగ్గం ముందు కూర్చున్న పెద్దాయన చేతివేళ్లు చూపించాయి. మాస్టారు మా చేత మర్నాడే గళ్ల నోటుపుస్తకాల్లో మావిడిపిందెలు వేయించారు. గీతలు మెట్లుమెట్లుగా వచ్చి, దూరం జరిగి చూస్తే వంపు తిరిగాయి. కంప్యూటరు తెరమీద బొమ్మ అచ్చంగా ఇలా గడులతోనే తయారవుతుందని చాలా ఏళ్ల తరవాత తెలిసినప్పుడు మాకేమీ కొత్తగా అనిపించలేదు.

ఇంకో విహారయాత్ర గుంటుపల్లికి. కామవరపుకోట దగ్గర జీలకర్రగూడెం కొండమీద బౌద్ధుల గుహలు. క్రీస్తుకి పూర్వం నాటి గుండ్రటి చైత్యం లోపలికి వెళ్లి తలెత్తితే, కప్పుకి వాసాలూ దూలాలూ కనిపిస్తాయి. అవి కర్రవి కావు, ఆ కొండలోనే చెక్కినవి. రాతికి దూలాలతో పనిలేదు కదా, మరి ఎందుకు చెక్కారు అని అడిగారు మాస్టారు. మేం తలో మాటా చెప్పాం. ఆయన అన్నది ఇది: ‘ఆ శిల్పి అంతకుముందు చూసిన ఇల్లు కర్రదిరా. కొత్త పనిముట్టు చేతికొచ్చినా చెయ్యి తను ప్రేమించిందాన్నే చెక్కుతుంది.’ ఆయన బొమ్మలన్నిటికీ ఇదే తాళంచెవి అని నాకనిపిస్తుంది.

ఆయన ప్రేమించింది కొల్లేరుని. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పల్లంలో పరుచుకున్న మంచినీటి సరస్సు. బుడమేరు, తమ్మిలేరు వరదని మోసుకొచ్చి ఇందులో పోస్తాయి. ఉప్పుటేరు ఆ నీటిని సముద్రానికి చేరుస్తుంది. మాస్టారు ఆదివారం తెల్లవారకుండా సైకిలు తీసేవారు. భుజాన గుడ్డసంచి, అందులో అట్ట, కాగితాలు, రంగుల డబ్బా, రెండు కుంచెలు, మధ్యాహ్నానికి మజ్జిగన్నం. తాటిదోనెలో ఎవరైనా ఎక్కించుకుంటే ఎక్కేవారు, లేకపోతే గట్టునే. రంగు కలపడానికి నీళ్లు కొల్లేటివే. వానాకాలంలో తమ్మిలేరు మెట్ట నుంచి తెచ్చే ఎర్రమట్టి ఆ నీళ్లలో ఉండేది. ఆ రోజుల బొమ్మల్లో ఆకాశంలో కూడా సన్నని జేగురు ఛాయ ఉంటుంది, దగ్గరగా చూస్తే తెలుస్తుంది. శీతాకాలం పొద్దుట మంచుకి కాగితం ఓ పట్టాన ఆరదు. ఒక రంగు ఆరకముందే ఇంకో రంగు దాని అంచుల్లోకి పాకుతుంది. మొదట్లో అది ఆయన్ని విసిగించేదట. తరవాత అదే ఆయన విద్య అయింది. పొగమంచులో జమ్ముదుబ్బు ఎక్కడ ముగిసి నీరెక్కడ మొదలైందో తెలియని ఆ అంచులు ఆయన తడికాగితం మీద తప్ప నాకెక్కడా కనబడలేదు. నీటిరంగుల్లో తెలుపు ఎప్పుడూ వాడలేదు. కొంగ కావాలంటే కొంగ మేరకి కాగితాన్ని వదిలేస్తారు. చుట్టూ నీలం, ఆకుపచ్చ పరుచుకుంటూ పోతే, మధ్యలో వదిలిన జాగా రెక్క విప్పుతుంది.

ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకి ఏటా వెళ్లేవారు. ఆ బొమ్మల్లో అమ్మవారు కనబడరు. మొక్కులు మోసుకొచ్చే ఆడవాళ్ల నడక, పడవ దిగేటప్పుడు చీర కుచ్చిళ్లు పైకి పట్టుకునే తీరు, వేడినీళ్ల కాగుల దగ్గర పొగ, నిద్రపోయే పిల్లల్ని భుజాన వేసుకున్న తాతలు. చేపలు పట్టే వడ్డీల ఇళ్లలో ఆయనకి అరుగుమీద చోటుండేది. వల అల్లుతున్న చేతుల్ని ఎన్ని కోణాల్లో వేశారో ప్రదర్శనలో ప్రత్యేకంగా ఒక గోడకి పెడుతున్నాం.

స్కెచ్చుపుస్తకాల గురించి కాస్త ఎక్కువగా చెబుతాను, ఎందుకంటే వాటి విలువ మాస్టారికి కూడా పూర్తిగా తెలియదని నా అనుమానం. ప్రతి స్కెచ్చు కింద తేదీ, ఊరు, గాలి ఎటు నుంచి వీస్తోందో రాసే అలవాటు ఆయనది. పుస్తకాలు వరసగా తిప్పుతుంటే కొల్లేరు మారిన తీరంతా కళ్లముందు నడుస్తుంది. మొదటి పుస్తకాల్లో నీరు, ఆకాశం, మధ్యలో నల్లటి దోనె, అంతే. 1970ల చివరికి చేపల సొసైటీల చెరువుల గట్లు వస్తాయి. ఎనభైల్లో, తొంభైల్లో చెరువుకి చెరువు తోడై, కాగితాల నిండా తిన్నటి అడ్డగీతలు. ‘కొల్లేటిలో స్కేలు పెట్టి గీసినట్టుండే గీత నాకు అంతకుముందు కనబడలేదు’ అన్నారొకసారి. 1999లో సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు (+5 కాంటూరు) దాకా 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యమైంది. 2002లో రామ్‌సార్ జాబితాకెక్కింది. 2006లో కొల్లేరు ఆపరేషన్‌లో చెరువుల గట్లు కొట్టేశారు. అప్పటికి మాస్టారు రిటైరయ్యారు. ఆ రోజుల్లోనూ వెళ్లి వేశారు. యంత్రాలు గట్టుని తవ్వుతున్న బొమ్మ పక్కపేజీలోనే, ఆ గట్టుమీద మోకాళ్లమీద గడ్డం ఆనించి కూర్చున్న ముసలాయన బొమ్మ ఉంటుంది. సరస్సు బతకాలి, దాన్ని నమ్ముకున్నవాళ్లూ బతకాలి. ఎవరి పక్షమని ఆయన్ని అడిగితే ఆ రెండు పేజీలూ తెరిచి ఎదట పెడతారు.

ఆటపాకలో గూడబాతుల కోసం అటవీశాఖ ఇనప స్టాండ్లు కట్టించింది. చెట్లమీద కట్టుకోవలసిన గూళ్లు ఇనుముమీద కట్టుకుంటాయి ఆ పక్షులు. మాస్టారు వాటిని వేసిన బొమ్మ చూసి మాలో ఒకరు, ‘మాస్టారూ, ఆ ఇనుము తీసేసి చెట్టు వేస్తే అందంగా ఉండేది కదండీ’ అన్నారు. ‘పక్షికి లేని అభ్యంతరం నాకెందుకు?’ అన్నారాయన. ఆ ఇనప కమ్మీలు ఎంత ప్రేమగా వేశారో! తుప్పు మరకకి వాడిన రంగు, ఎర్రకాళ్ల కొంగ కాలికి వాడిన రంగు ఒకటే.

జీతం చాలని రోజుల్లో షాపుల బోర్డులు రాశారు, పరిషత్తు నాటకాలకి తెరలు వేశారు, లారీల వెనక నెమళ్లు వేశారు. వాటిని చిన్నతనంగా ఎప్పుడూ మాట్లాడలేదు. తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల మార్కెట్టు వైపు ఆయన చేత్తో రాసిన బోర్డులు చాలాకాలం ఉండేవి. ‘య’కి ఆయన ఇచ్చే వంపు దూరం నుంచే పట్టేసేవాళ్లం. ఫ్లెక్సీలు వచ్చి ఆ విద్యని తుడిచేశాయి. ఆయన దగ్గర బోర్డులు రాయడం నేర్చుకుని పొట్టపోసుకున్న కుర్రాళ్లు ఆ రోజుల్లో కుదేలయ్యారు. వాళ్లని ఇంటికి పిలిచి, గోడలమీద బొమ్మలు వేసే పని నేర్పి, బళ్లచుట్టూ అంగన్‌వాడీలచుట్టూ వెంటబెట్టుకుని తిప్పి పనులిప్పించింది ఈ మాస్టారే. నా లెక్కలో అది ఆయన వేసిన పెద్ద బొమ్మల్లో ఒకటి.

రిటైరయ్యాక తాడేపల్లిగూడెంలో స్థిరపడ్డారు. పాసింజరు బండెక్కి ఉంగుటూరు, పూళ్ల, భీమడోలు, దెందులూరు మీదుగా ఏలూరు వెళ్లడం, కిటికీలోంచి చేలు గీసుకోవడం కొనసాగింది. కదిలే బండిలోంచి గీసిన ఆ బొమ్మల్లో వివరం ఉండదు. పచ్చదనం, తాటిచెట్ల వరస, ఒక కాలవ మలుపు మాత్రమే ఉంటాయి. ఆయన పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి ఇవే. పెద్ద తైలవర్ణ చిత్రాలకి ఎక్కువ మెప్పు వచ్చిందని తెలుసు, అయినా నా ఓటు ఈ అరచేతి మేర కాగితాలకే.

కొన్నేళ్ల కిందట కంటిశుక్లాలకి ఆపరేషన్ అయింది. కట్టు విప్పాక మొదట అడిగింది, ‘గోడకి సున్నం ఎప్పుడేశారు, ఇంత నీలంగా ఉందేమిటి?’ అని. శుక్లం ముదిరిన కంటికి లోకమంతా పసుపుపట్టి కనిపిస్తుంది, అది తీసేయగానే నీలాలు పొంగుకొస్తాయి. ఫ్రాన్సులో తన కొలనులోని కలువల్ని దశాబ్దాలపాటు వేసిన క్లోద్ మోనే కూడా 1923లో ఈ ఆపరేషనే చేయించుకుని, పాత బొమ్మల రంగుల్ని మళ్లీ చూసుకుని కలవరపడ్డాడు. మాస్టారు కలవరపడలేదు. అంతకుముందు నాలుగైదేళ్ల బొమ్మల వెనక పెన్సిలుతో ‘శుక్లం కన్ను’ అని రాసుకున్నారు, అలాగే ఉంచారు. ఆ తరవాత వచ్చిన కొల్లేటి నీలాలు ఇదివరకెన్నడూ ఆయన కుంచెలో లేనివి. చెయ్యి ఇప్పుడు కాస్త వణుకుతుంది. సన్నకుంచె పక్కనపెట్టి వెడల్పుది పట్టారు. గీత తగ్గింది, రంగు పెరిగింది. డెబ్బై అయిదు దాటాక ఒక మనిషి పని ఇలా కొత్తదారి పట్టడం చూడ్డం మా అదృష్టం.

అమ్మగారిని తలుచుకోకుండా ఈ పండగ లేదు. బొమ్మలకి చెదలు పట్టకుండా వేపాకులు వేసి, ట్రంకుపెట్టెల్లో తేదీల వరసన సర్దింది ఆవిడే. ఆదివారాలు వీధరుగుమీద రంగుల గిన్నెలతో కూర్చున్న పిల్లలందరికీ అటుకుల ఉప్మా పెట్టిందీ ఆవిడే. ఏ బొమ్మలో ఏం లోపించిందో మాస్టారికి ముఖంమీద చెప్పగలిగిన ఒకే ఒక్క మనిషి కూడా ఆవిడే. ‘ఆ నీళ్లకి లోతు లేదండీ’ అంటే ఆయన మాట్లాడకుండా మళ్లీ కాగితం బిగించుకునేవారు.

మాలో చిత్రకారులైనవాళ్లు చాలా కొద్దిమంది. ఒకతను తివాచీ నమూనాలు గీస్తాడు, ఒకామె ఏలూరులో పిల్లలకి బొమ్మలు నేర్పుతుంది. మిగతావాళ్లం రైతులం, గుమాస్తాలం, నర్సులం, చేపల వ్యాపారులం. నర్సుగా పనిచేసే మా క్లాసుమేటు ఒక మాట చెప్పింది: ‘రోగి ముఖంలో రంగు మారితే మిగతావాళ్లకన్నా ముందు నాకే తెలుస్తుందే. తొడిమ దగ్గర రంగేమిటి అని మాస్టారు అడిగేవారు కదా, అదే అలవాటు.’ ఇవాళ చాలా బళ్లలో డ్రాయింగు మాస్టారి కుర్చీ ఖాళీగానే ఉంటోంది. ఆ కుర్చీలు నింపమని ఈ సభ నుంచి తీర్మానం చేసి పంపాలని నా ప్రతిపాదన. దండ వేసినదానికన్నా దానికే మాస్టారు ఎక్కువ సంతోషిస్తారు.

ఇంకొకటి కూడా. స్కెచ్చుపుస్తకాలన్నిటినీ పేజీ పేజీ ఫొటో తీయడం మొదలుపెట్టాం. అసలు పుస్తకాలకి ఏలూరులో చెదా చెమ్మా తగలని శాశ్వతమైన చోటు కావాలి. కొల్లేరుమీద పరిశోధన చేసేవాళ్లు, లంకల పిల్లలు అడగ్గానే తెరిచి చూసుకునే వీలుండాలి. అందుకయ్యే ఖర్చు శిష్యులం తలా కొంత వేసుకుంటాం.

మాస్టారూ, మీకూ అమ్మగారికీ మా అందరి పాదాభివందనాలు. ఇంకో పది నెలల్లో మీరు వెయ్యో పున్నమి చూస్తారు. సహస్ర చంద్ర దర్శనం పండగ కొల్లేటి ఒడ్డునే చేయాలని ముందే నిర్ణయించేశాం, కాదనకండి. ఆ రోజు ప్రదర్శనకి పాతవి పెట్టం, అన్నీ ఈ పది నెలల్లో వేసినవే కావాలి. పెద్ద సైజు కాగితాలు, మీరు అడిగిన వెడల్పు కుంచెలు తెప్పించి ఇంట్లో పెట్టాం. వచ్చే ఆదివారం తెల్లవారకుండా కారు మీ వాకిట్లో ఉంటుంది. మజ్జిగన్నం ఈసారి మేం తెస్తాం.